మూడు పాళీల ఖోలీ, ఏడు రోజుల రిసార్ట్

మన గల్లీల్లో ఈ మధ్య ఒక కొత్త మాట తిరుగుతున్నది: టైంషేర్. మాల్‌కు పోయినవాళ్ళ చేత కూపన్ మీద పేరు, ఫోన్ నంబరు రాయించుకుంటారు. నాలుగు రోజులకు ఫోన్ వస్తుంది. మీకు బహుమతి తగిలింది, భార్యాభర్తలు ఇద్దరూ కలిసి రావాలి అంటారు. పోతే చాయ్, సమోసా పెట్టి రెండు గంటలు రిసార్ట్ బొమ్మలు చూపిస్తారు. కామాటిపుర నుంచి పోయినవాళ్ళున్నారు, వర్లీ బీడీడీ చాళ్ళ నుంచి పోయినవాళ్ళూ ఉన్నారు. మా అబ్బాయి, కోడలు కూడా పోయి వచ్చినారు. తర్వాత కంపెనీవాళ్ళే బస్సు పెట్టి, కర్జత్ అవతల కడుతున్న రిసార్ట్ చూపిస్తామంటే నేను, మా ఇంటామె కూడా వాళ్ళతో పోయినాము.

అడిగిన పైసలు నాలుగు లక్షలు. అవి నా గ్రాట్యుటీ, పీఎఫ్ పైసల్లోంచి పోవాలి. మన ఇండ్లల్లో ఇట్లాంటి పైసలు జన్మకు ఒక్కసారే వస్తాయి. అందుకని నెల రోజులు తిరిగి, అడిగి, లెక్క వేసి చూసినాము. తెలిసింది నలుగురికి పనికొస్తుందని రాస్తున్నాను. ఆ కంపెనీ పేరు మాత్రం రాయను. ఇట్లాంటివి చాలా ఉన్నాయి, ఒక్కరి పేరు చెప్పి లాభం లేదు.

ముందు టైంషేర్ అంటే ఏందో చెప్తాను. ఏడాదికి 52 వారాలు. ఒక గదిని ఒక్కరే కొనకుండా, ఒక్కో వారం ఒక్కొక్కరు కొంటారు. నీ వారం నువ్వు ఉండాలి, తర్వాత తాళం ఇంకొకరికి. ఇది 1960లలో యూరప్‌లో మొదలైంది. మంచు కొండల దగ్గర ఇల్లు కొనలేనివాళ్ళు ఇట్ల కలిసి పంచుకున్నారు. మన దేశంలో స్టెర్లింగ్ కంపెనీ 1986లో వచ్చింది, మహీంద్రా వాళ్ళది 1996లో. మహీంద్రా వాళ్ళు 25 ఏండ్ల సభ్యత్వం అమ్మినారు, ఏడాదికి 7 రోజులు. ఏడాదిని రంగులుగా పంచినారు: పర్పుల్, రెడ్, వైట్, బ్లూ. అందరూ పోవాలనుకునే రోజులు పర్పుల్, దానికి ధర ఎక్కువ. ఎవరూ పోని రోజులు బ్లూ, దానికి తక్కువ. మాకు చూపించిన కంపెనీ కూడా ఇదే లెక్క పెట్టింది, రంగుల పేర్లే వేరు.

ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. టైంషేర్ మనకు కొత్తదా? నేను ముంబైకి వచ్చినప్పుడు మా పెద్దనాయన ఉన్న ఖోలీలో దిగినాను. పది అడుగులు, పన్నెండు అడుగులు. అందులో పద్నాలుగు మందిమి. మొదటి పాళీవాళ్ళు పొద్దున ఏడింటికి మిల్లుకు పోతే, రాత్రి పాళీ చేసినవాళ్ళు వచ్చి ఆ జాగలోనే పండుకునేవాళ్ళు. మధ్యాహ్నం మూడున్నరకు రెండో పాళీ భోంగా మోగితే మళ్ళీ మనుషులు మారేవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక ట్రంకు పెట్టె, గోడకు ఒక మేకు. ఆ మేకు మీద వేరేవాళ్ళు అంగీ వేసేది లేదు. నెలకు మనిషికి ఇంత అని భాడా, ఖానావళిలో తిండి. మూడు పాళీలు వేరు వేరు కాబట్టి ఒక ఖోలీ పద్నాలుగు మందికి సరిపోయేది.

కాని మిల్లుకు సుట్టీ వచ్చిన రోజు చూడాలి. పద్నాలుగు మంది ఒకటేసారి ఇంట్లో ఉంటారు. పండుకునే జాగ ఉండదు. సగం మంది చాప పట్టుకొని గ్యాలరీలోకో ఫుట్‌పాత్ మీదికో పోవాల్సిందే. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, రిసార్ట్‌లో కూడా చిక్కు ఇదే. పిల్లల బడికి సెలవులు అందరికీ మే నెలలోనే, దీవాళికే. అందరూ అప్పుడే గది అడుగుతారు. గదులు ఉన్నన్నే ఉంటాయి. బస్సులో మా పక్కన కూర్చున్నాయన ఇంకో కంపెనీలో సభ్యుడు. "మే నెల కావాలంటే నాలుగైదు నెలల ముందుగ బుకింగ్ తెరిచిన రోజే పట్టుకోవాలె. లేదంటె వానల్ల పోవాలె" అని చెప్పినాడు.

ఇక ఆ ప్రయాణం సంగతి. నాగ్‌పాడా నుంచి పొద్దున ఏడింటికి బస్సు బయలుదేరింది. వాశీ వంతెన, పన్వేల్ దాటినంక కొండలు కనబడతాయి. కర్జత్ ఊరు ఉల్హాస్ నది ఒడ్డున ఉంది. పుణె పోయే రైలుబండ్లకు ఇక్కడ వెనక నుంచి ఇంకో ఇంజన్లు తగిలించి భోర్ ఘాట్ ఎక్కిస్తారు. ఆ ఘాట్ రైలుదారి 1863లో తెరిచినారు. సొరంగాలు తొలిచినవాళ్ళు, రాళ్ళు మోసినవాళ్ళు వేలమంది, వాళ్ళ పేర్లు ఏ బోర్డు మీదా లేవు. మేము పోయింది మే నెల. కొండలు ఎండి గోధుమ రంగులో ఉన్నాయి. వానాకాలం అయితే ఇవే కొండల మీద ఎక్కడ చూసినా నీళ్ళు దుంకుతుంటాయి.

రిసార్ట్ కొండ కింద ఉంది. పెద్ద కమాను కట్టినారు, దానికి లైట్లు పెట్టినారు. లోపల ఒక నమూనా గది పూర్తిగా తయారు చేసి ఉంచినారు. మెత్తని పరుపు, గోడకు టీవీ, బాత్‌రూంలో తెల్లని తొట్టి. కోడలు అద్దం ముందు నిలబడి పిల్లలతో ఫోటో తీసుకున్నది. మా ఇంటామె చాల్‌లో నలభై ఏండ్లు పొద్దున నాలుగింటికి లేచి నల్లా నీళ్ళు పట్టిన మనిషి. ఆమె ఏ ఇంటికి పోయినా ముందు నల్లా తిప్పి చూస్తుంది. ఇక్కడా తిప్పింది. చుక్క రాలేదు. మాతో వచ్చిన సేల్స్ పిల్లగాడు "ఆంటీ, ఇది షో రూం గదా, పైపు ఇంకా జోడించలేదు" అన్నాడు. దీవాళికి అన్ని గదులు తయారవుతాయి, నీళ్ళకు బోరు వేస్తాము అని చెప్పినాడు.

అన్నం వేళకు వాళ్ళు మమ్మల్ని షామియానా కిందికి తీసుకపోయినారు. నేను బీడీ కాల్చుకుందామని వెనకకు పోయినాను. అక్కడ మూడు అంతస్తుల పిల్లర్లు లేచి ఉన్నాయి, గోడలు లేవు. రేకుల గుడిసెల ముందు ఆడవాళ్ళు వంట చేస్తున్నారు. వాళ్ళ మాట చెవిన పడితే తెలుగు! "ఏ ఊరు బిడ్డా?" అని అడిగితే, "నారాయణపేట దిక్కు, నువ్వేడికెల్లి వచ్చినవు పెద్దనాయన?" అన్నది ఒకామె. కామాటిపుర అంటే వాళ్ళకు తెలుసు. వాళ్ళ తాతల నాటి చుట్టం ఒకాయన అక్కడే ఉండేవాడట.

మన పేట పేరే అట్ల వచ్చింది కదా. నిజాం రాజ్యం దిక్కు నుంచి వచ్చి ఈ ముంబైకి రోడ్లు వేసి, ఇండ్లు కట్టిన తెలుగు కూలీలను కామాటీలు అన్నారు. వాళ్ళు ఉన్న జాగ కామాటిపుర అయింది. ఆ వెనక మిల్లులు లేచినంక కరీంనగర్, నల్లగొండ, వరంగల్ దిక్కు నుంచి నేత పని తెలిసినవాళ్ళు వచ్చినారు. రెండు వందల ఏండ్లు దాటినా కట్టే పనికి ఇంకా అటు నుంచే జనం వస్తున్నారు.

ఆమెను పని ఎట్ల నడుస్తున్నదని అడిగినాను. "ఏడ నడుస్తున్నది పెద్దనాయన. మొదలు అరవై మందిమి ఉంటిమి, ఇప్పుడు పన్నెండు మందిమే మిగిలినం. బిల్లు రాలేదని మేస్త్రీ అంటున్నడు. వానలు పడితే మేము కూడ ఊరికి పోతం" అన్నది. షామియానా కింద దీవాళికి తాళం చేతికి ఇస్తామంటున్నారు. ఇక్కడ చూస్తే గోడ కట్టే మనిషి వానలకు ముందే ఊరికి పోతానంటున్నది. నాకు ఈ మాటే సగం సంగతి చెప్పింది.

గేటు బయట ఒక ఠాకర్ ఆమె ఆకు దొన్నెల్లో కర్వందలు అమ్ముతున్నది. మన వాక్కాయల వంటివే, నల్లగా తియ్యగా ఉంటాయి. ఈ జాగ ఎవరిదని మరాఠీలో అడిగితే, "అదిగో ఆ మడి మా వాళ్ళదే, మా బావ ఎవరికో సంతకం పెట్టినాడు, పైసలు ఎంత వచ్చినయో మాకు తెల్వదు" అన్నది. ఆమె చెప్పింది నిజమో కాదో నేను తేల్చలేను. కాని మహారాష్ట్రలో ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివాళ్ళు కలెక్టర్ అనుమతి లేకుండా కొనడానికి లేదు. అట్ల కొంటే ఆ అమ్మకం నిలబడదు. రేపు భూమికే తగాదా వస్తే దాని మీద లేచిన గదిలో నా ఏడు రోజులు ఎక్కడికి పోతాయి?

మధ్యాహ్నం నుంచి అసలు పని మొదలైంది. ఒక్కో కుటుంబానికి ఒక్కో బల్ల. ఫారం నింపుతూ ఆ పిల్లగాడు అడ్రస్ అడిగినాడు. మా అబ్బాయి "ముంబై సెంట్రల్" అని మొదలుపెట్టినాడు. నేను "కామాటిపుర, అట్లనే రాయి" అన్నాను. ఆ పిల్లగాడు ఒక్క క్షణం తల ఎత్తి చూసినాడు. ఆ చూపు మన అందరికీ తెలిసిందే. బడిలో, బ్యాంకులో, పెండ్లి సంబంధాల దగ్గర అదే చూపు. తర్వాత అతను నవ్వి, "అంకుల్, ఈ కార్డు ఉంటే మీరు మా కుటుంబం. అడ్రస్ ఎవరు అడుగుతారు?" అన్నాడు. ఆ మాట మా అబ్బాయికి బాగా తగిలింది. వాళ్ళు అమ్మేది గది ఒక్కటే కాదు, ఆ గౌరవం కూడా. మన పిల్లలకు దాని ఆకలి ఉంది. అందులో తప్పు లేదు.

నేను రెండు కాగితాలు అడిగినాను. ఒకటి భూమి సాత్-బారా ఉతారా, రెండోది సభ్యత్వం ఒప్పంద పత్రం నకలు, ఇంటికి తీసుకపోయి చదివించుకోవడానికి. "రిసార్ట్‌కు సాత్-బారా ఎందుకు అంకుల్" అన్నాడు. ఒప్పందం సంతకం అయినంకనే ఇస్తారట. ఈ రోజే కడితే 60 వేలు తగ్గింపు, రేపు ఉండదన్నాడు. అతని పెద్దసారు వచ్చినాడు, ఆ పెద్దసారుకు పెద్దసారు వచ్చినాడు. ఐదు గంటలు దాటినా బస్సు కదలలేదు. మేము లేచి షేర్ రిక్షా పట్టుకొని కర్జత్ స్టేషన్‌కు వచ్చినాము. అక్కడ వేడి వడా పావ్ తిని, లోకల్ ఎక్కి రెండు గంటల్లో భాయ్‌ఖళాలో దిగినాము.

మరునాడు మనవడు ఫోన్‌లో లెక్క వేసినాడు, నేను కాగితం మీద రాసినాను. నాలుగు లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో పెడితే మేము లెక్క వేసిననాటికి 8.2 శాతం వడ్డీ. అంటే ఏడాదికి 32,800 రూపాయలు, మూడు నెలలకు ఒకసారి 8,200 చేతికి వస్తుంది. అసలు అట్లనే ఉంటుంది. టైంషేర్‌లో పెడితే ఈ వడ్డీ పోయినట్టే. పైగా ఏడాదికి నిర్వహణ రుసుము 12,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,160. అంతా కలిపితే ఏడాదికి 46,960. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 6,700 దాటింది. తిండి వేరే, దారి ఖర్చు వేరే. నిర్వహణ రుసుము ఏటా 5 శాతం పెరిగితే 25వ ఏట అదే 38 వేలు దాటుతుంది, పన్ను కాక. మనం పోయినా పోకపోయినా అది కట్టాలి. 25 ఏండ్ల తర్వాత చేతిలో ఏమీ ఉండదు. నాకు ఇప్పుడు 66. అప్పటికి 91. నేను లేకపోతే కొడుకు పేరు మీదికి వస్తుందని చెప్పినారు. వచ్చేది ఏడు రోజులు మాత్రమే కాదు, ఆ రుసుము కూడా కొడుకు నెత్తి మీదికే వస్తుంది.

ఇంకో సంగతి. వాళ్ళ గదిలో ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలే ఉండాలి. మా ఇంట్లోనే ఆరుగురం. బిడ్డ, అల్లుడు పిల్లలతో వస్తే పది మందిమి.

కొందరు ఏజెంట్లు ఇంకో మాట కలుపుతారు. మీరు పోకపోతే పైసలు లాభంతో వాపస్ వస్తాయి అంటారు. ఈ మాట వినగానే జాగ్రత్త పడాలి. మన ముంబైలోనే పాన్‌కార్డ్ క్లబ్స్ అనే కంపెనీ ఇట్లనే హోటల్ గది రాత్రులు అమ్మింది. కొన్నేండ్లు పైసలు కడితే ఇన్ని రాత్రులు ఉండవచ్చు, ఉండకపోతే కట్టినదానికన్నా ఎక్కువ తీసుకోవచ్చు అన్నది వాళ్ళ పద్ధతి. ఇది సెలవుల వ్యాపారం కాదు, అనుమతి లేకుండా జనం దగ్గర పెట్టుబడి తీసుకోవడమే అని సెబీ తేల్చింది. 2014లో కొత్త పైసలు తీసుకోవద్దని ఆపింది. 2016 ఫిబ్రవరిలో 51 లక్షలకు పైగా జనానికి 7,000 కోట్లకు పైగా తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. ఆదేశం వచ్చినంత తొందరగా పైసలు రావు. 1982 జనవరి 18న సమ్మె మొదలైనప్పుడు మనం రెండున్నర లక్షల మందిమి. మనకు రావలసినవాటికి ఎన్నేండ్లు గేట్ల ముందు నిలబడినామో మనకు తెలుసు.

ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు నేను ఈ లెక్క అంతా చదివినాను. అబ్బాయి ఏమీ అనలేదు. కోడలే మాట్లాడింది. "మామా, లెక్క నిజమే. కాని సెలవు అంటె మీకు ఊరు. ఊరికి పోతె నేను ఈడికన్న ఎక్కువ మందికి వండాలె. పెండ్లయి పన్నెండేండ్లయింది, పొయ్యి ముందర కూసోని సెలవు నాకు ఒక్కటి కూడ లేదు. ఆ గది జూసినప్పుడు నాకు ఆ పరుపు గాదు, వంటిల్లు లేదని సంబురమైంది" అన్నది.

మా ఇంటామె అంతసేపు ఊరుకొని, "ఆ పిల్ల చెప్పింది లెక్కల రాసినవా?" అని నన్ను అడిగింది. రాయలేదు. మన ఇండ్లల్లో మగవాళ్ళ సెలవు మిల్లు లెక్కలో ఉండేది, ఆడవాళ్ళ సెలవు ఎవరి లెక్కలోనూ లేదు. మేము దేవగిరి ఎక్కి మన్మాడ్, నాందేడ్, నిజామాబాద్ మీదుగా ఊరికి పోయేవాళ్ళం. దిగిన రోజు నుంచి నేను చెట్టు కింద, ఆమె పొయ్యి కాడ.

చివరికి ఇట్ల అనుకున్నాము. సభ్యత్వం తీసుకోము. నాలుగు లక్షలు పోస్టాఫీసులో వేసినాము. దాని వడ్డీ కోడలి ఖాతాలో పడుతుంది, అది సెలవుకే, బడి ఫీజుకు, మందులకు ముట్టుకునేది లేదు. ఏ ఊరికి పోవాలి, ఎప్పుడు పోవాలి, అత్తాకోడళ్ళు ఇద్దరే చెప్తారు. అక్కడ వంట చేసేది లేదు. అబ్బాయికి ఇంకా మనసులో కొంచెం కొరతగానే ఉంది. ఆ కార్డు మాట వానికి తగిలింది కదా, లెక్కతో అది పోదు.

అందరికీ మా లెక్కే సరిపోతుందని నేను అనను. నలుగురే ఉన్న ఇల్లు, మంచి ఉద్యోగం, సెలవు ఎప్పుడంటే అప్పుడు దొరికేవాళ్ళు, పాత కంపెనీ, పూర్తయిన రిసార్ట్ అయితే కొందరికి బాగానే ఉండవచ్చు. కాని సంతకం ముందు ఇవి అడగండి:

గదులు ఇప్పుడు తయారుగా ఉన్నాయా? కడుతుంటే కట్టేవాళ్ళతో మీరే మాట్లాడండి. భూమి గట్ నంబరు అడిగి సాత్-బారా చూడండి. మహాభూలేఖ్‌లో ఎవరైనా చూడవచ్చు. మీకు వచ్చేది ఏ కాలం, మే నెలలో దొరుకుతుందా? నిర్వహణ రుసుము ఎంత, ఏటా ఎంత పెరుగుతుంది, కట్టకపోతే ఏమవుతుంది? వద్దనుకుంటే ఎన్ని రోజుల్లో పైసలు వాపస్ ఇస్తారు? ఇవన్నీ నోటి మాటగా కాదు, కాగితం మీద ఉండాలి. మన దేశంలో టైంషేర్‌కే అని వేరే చట్టం లేదు, కాబట్టి ఆ కాగితమే మీకు ఆధారం. ఇప్పటికే కట్టి ఇబ్బంది పడుతున్నవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. రసీదులు పారేయకండి.

బీడీడీలో కొత్త ఇండ్ల తాళాలు ఇవ్వడం మొదలైంది, మన గల్లీల పునర్నిర్మాణం మాట కూడా నడుస్తున్నది. చేతికి నాలుగు పైసలు వచ్చే ఇండ్లకు ఇట్లాంటి ఫోన్లు ఇంకా వస్తాయి.

మా వాళ్ళు మొదటి సెలవుకు మాథేరాన్ అనుకున్నారు. పోవాలనుకునేవాళ్ళకు దారి చెప్తాను. భాయ్‌ఖళాలో కర్జత్ లోకల్ ఎక్కి నేరళ్‌లో దిగాలి. అక్కడి నుంచి 1907లో వేసిన చిన్న రైలు 21 కిలోమీటర్లు కొండ ఎక్కుతుంది. వానల్లో కింద నుంచి ఆపేస్తారు. రైలు దొరకకపోతే ట్యాక్సీలో దస్తూరీ నాకా దాకా పోవచ్చు, అక్కడి నుంచి నడక. పైన మామూలు మోటారు బండ్లు తిరగనియ్యరు. శని, ఆదివారాలు తప్పించి పోతే గది తక్కువ ధరకు దొరకవచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు అమన్ లాడ్జ్ నుంచి మాథేరాన్ దాకా నడిచే చిన్న రైలు టికెట్టు ముందే చూసుకోండి.